గాడిదల పెళ్లికి దంపతులు కావలెను

"ఆ యప్ప పక్కన నేను కూచునేది లేదని చెప్పు తిప్పమ్మా."

రామలక్ష్మమ్మ ఈ మాట అన్నప్పుడు ఆ యప్ప, అంటే ఆమెకు తాళి కట్టిన ఓబులేసు, అదే పడసాలలో రెండు బారల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ఉన్నాడు. ఆయనకు చెవుడేమీ లేదు. అయినా తిప్పమ్మ ఊడుస్తున్న చీపురు గోడకు ఆనించి, ఆయనవైపు తిరిగి, "అమ్మ కూచోదంటప్పా" అని మాట అందించింది.

"ఊరంతా కలిసి అనుకున్న మాట ఇది. ఇంటి పరువని చెప్పు."

"పరువంటమ్మా."

"ఎవురి పరువో అడుగు."

"ఎవురిదని అడుగుతాందప్పా."

ఓబులేసు కుర్చీ చేతుల మీద చరిచి లేచాడు. కోపం వస్తే అరవడానికి పెళ్లాం ఎదురుగానే ఉంది గాని, ఆమె మీద అరిస్తే తిరిగి జవాబు రాదు. జవాబు రాని అరుపు ఆయనకు రుచించదు. అందుకని తిప్పమ్మ మీద అరిచాడు. "ఊడ్చింది చాల్లే, పో అవతలికి!"

తిప్పమ్మ చీపురు తీసుకుని వెళ్లిపోయింది. దాంతో భార్యాభర్తల మాటలు కూడా అయిపోయాయి.

వంటింటి గడపలో నిలబడి కాఫీ తాగుతున్న పద్మప్రియకు నవ్వూ రోతా కలిసి వచ్చాయి. పోయిన వారం ఇదే నాయన, ఇదే పడసాలలో, ఇదే కుర్చీలో కూర్చుని, "తాళి లేకుండా ఒక మగోనితో ఒకే ఇంట్లో ఉండాది నా కూతురు! సంసారమంటే ఏమనుకున్నావే?" అని వీధి చివరిదాకా వినపడేలా గర్జించాడు. సంసారమంటే ఇదన్నమాట. తిప్పమ్మకు జ్వరం వస్తే ఆ పూటకు ఆగిపోయేది.

ఇంటి గొడవ ఒక్కటే అయితే ఎప్పటిదో పాత గొడవే. ఈసారి అందులోకి గాడిదలు వచ్చాయి.

తొలి వానకు విత్తిన వేరుశనగ మొలిచి, నాలుగాకులు వేసి, ఎండకు కమిలిపోయింది. మళ్లీ చినుకు లేదు. ముదిగుబ్బ చుట్టుపక్కల అన్ని పల్లెల్లో చేసినట్టే ఈ ఊళ్లోనూ గాడిదలకు పెళ్లి చేయాలని తీర్మానించారు. నిరుడూ చేశారు. ఆడగాడిద తరఫున ఓబులేసు తమ్ముడూ మరదలూ పీటల మీద కూర్చున్నారు. వాన మాత్రం పక్క మండలానికి పోయింది. అందులో గాడిదల తప్పేమీ లేదని మార్కండేయ తేల్చాడు. రాబోయే పంచాయతీ ఎన్నికల్లో ఓబులేసును ఎలాగైనా ఓడించాలని చూస్తున్న మనిషి ఆయన. టీ అంగడి ముందు కాలు మీద కాలు వేసుకుని ఒకే ఒక మాట అన్నాడు.

"మొగుడూ పెండ్లాం మాట్లాడుకోని ఇంట్లోనుంచి ఆడగాడిదను సాగనంపితే వాన యాడ పడతాదప్పా? ముందు ఆ ఇంట్లో పెండ్లి చేయండి."

ఆ మాట సాయంత్రానికి ఊరు చుట్టి వచ్చింది. దాంతో ఈసారి ఓబులేసు, రామలక్ష్మమ్మ స్వయంగా పీటల మీద కూర్చోవాలని పెద్దలు ఖాయం చేశారు. కూర్చోవడం ఒక ఎత్తు, గడప దగ్గర తంతు ఇంకో ఎత్తు. కొత్త దంపతులు ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆడబిడ్డ అడ్డం నిలబడి ఒకరి పేరు ఒకరితో చెప్పించుకుంటుంది కదా. గాడిదలు పేర్లు చెప్పలేవు. కనుక వాటి బదులు పీటల మీద కూర్చున్న దంపతులు చెప్పాలని ఆ ఊరి ఆనవాయితీ.

రామలక్ష్మమ్మ మొగుడి పేరు పెళ్లినాడు ఒకసారి చెప్పింది. ఆ తర్వాత అందరి ఆడవాళ్లలాగే చెప్పలేదు. కొన్నేళ్లుగా ఆయనతో అసలు ఏ మాటా చెప్పడం లేదు.

*

"పద్మా, ఈడికి రా."

ట్రాక్టర్ షెడ్డు పక్కన నీడలో ఓబులేసు నిలబడి ఉన్నాడు. కూతురితో పోయిన వారం నుంచి ముఖం చిట్లించుకునే ఉన్న మనిషి, ఇప్పుడు గొంతు తగ్గించి పిలిచాడు. గొంతు తగ్గిందంటే పని పడిందని పద్మప్రియకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"మీయమ్మను ఒప్పియ్యి."

"నేనా? పెండ్లంటే నమ్మకం లేని ముండనని నువ్వే గదా నాయనా అన్నింది. నన్ను పట్టుకుని పెండ్లి పీటల రాయబారమా?"

"నమ్మకం గిమ్మకం ఎవురికుండాదే? నాకుండాదా?" ఓబులేసు చుట్టూ చూసి ఇంకా గొంతు తగ్గించాడు. "పెండ్లనేది నమ్మేదానికి కాదు, నలుగురికి చూపిచ్చేదానికి. అంగడికి బోర్డు మాదిరి. లోపల సరుకు ఉంటాదో ఉండదో అది మన ఇష్టం. బోర్డు మాత్రం ఉండల్ల."

"సరుకు అయిపోయి శానా కాలమాయె. బోర్డు మాత్రం దినామూ తుడుస్తాండావు."

"నీ పాఠాలు నీ కాలేజీలో చెప్పుకో."

ఆమె నిజంగానే అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. రెండేళ్లుగా తేజ అనే స్నేహితుడితో కలిసి ఉంటోంది. రెండు గదులు, ఒక వంటగది, డాబా మీద కరివేపాకు తొట్టి. తాళి లేదు, అత్తమామలు లేరు, పండగలకు ఎవరింటికి పోవాలన్న పేచీ లేదు. ఆ గదులు దొరకడానికి ఎన్ని వీధులు తిరిగారో, ఎందరు ఇంటివాళ్లు "మీరిద్దరూ ఏమవుతారు?" అని తలుపు సగం తెరిచి అడిగారో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఈ సంగతి బయటపడ్డాక ఓబులేసు కూతురిని కొట్టలేదు. తేజను బెదిరించలేదు. పార్టీవాళ్లలో తెలిసినవాళ్లను పట్టుకుని ఇంటి యజమానికి ఒక్క ఫోన్ చేయించాడు. మర్నాడే ఆ పెద్దమనిషి వచ్చి పెళ్లి ఫోటో అయినా చూపించండి, ఇల్లయినా ఖాళీ చేయండి అన్నాడు. నెలాఖరు గడువు. దాన్ని మాన్పించుకోవడానికే పద్మప్రియ కారేసుకుని ఊరికి వచ్చింది.

"మీయమ్మ రేపు పీట మీద కూచుని, గడప కాడ నా పేరు చెప్తే చాలు," అన్నాడు ఓబులేసు. "ఆ ఇంటాయనకు నేనే చెప్తా. మీరు ఎట్ల ఉంటే నాకేం? కండ్లు మూసుకుంటా."

పద్మప్రియ తండ్రి ముఖంలోకి చూసింది. ధర్మం, వంశం, నలుగురిలో తలెత్తుకోవడం అంటూ వారం రోజులుగా ఆయన వేసిన కేకలన్నీ ఇంత చవకా? ఆయన మీద అసహ్యం వేసింది. ఆ అసహ్యంతోనే గిర్రున తిరిగి కారెక్కి వెళ్లిపోయి ఉంటే ఆమెకు మర్యాదగా ఉండేది.

"చూస్తా," అంది.

అని పెరటివైపు నడిచింది.

*

పెరట్లో తిప్పమ్మ అంట్లు తోముతోంది. పద్మప్రియను చూసి, "మీయమ్మ పెట్టె తీసినాది. మిద్దింట్లో ఉండాది," అంది. ఆగి, ఊరుకోలేక, "ఏమమ్మా, నువ్వు పెండ్లి వద్దంటివంటనే. నిజమేనా?" అని అడిగింది.

"నిజమే. నీకెట్ల తోస్తాది తిప్పమ్మా, పెండ్లి కావల్నా, వద్దా?"

"నాకా?" తిప్పమ్మ గిన్నె బోర్లించింది. "మా సుంకప్ప బెంగళూరుకు పోయి ఆడే ఉండాడు. ఒంట్లో బాగలేకుంటేనే ఇల్లు గుర్తుకొస్తాది ఆయనకు. మొగుడుండాడనే పేరు ఉండాది, మొగుడు లేడు. ఇంతకన్నా మేలైన సంసారం యాడుంటాది చెప్పు?"

నవ్వుతుందేమోనని చూసింది పద్మప్రియ. తిప్పమ్మ నవ్వలేదు. బూడిద తీసుకుని ఇంకో గిన్నె అందుకుంది.

మిద్దింట్లో రామలక్ష్మమ్మ ఇనప్పెట్టె ముందు కూర్చుని ఉంది. ఒళ్లో ఎర్రటి పట్టుచీర. జరీ నల్లబడింది, మడతల దగ్గర చీలికలు వచ్చాయి.

"ఏందమ్మా ఇది?"

"నా పెండ్లి చీర. రేపు ఆ ఆడగాడిదకు కట్టమని తిప్పమ్మకు ఇస్తాండా. కొత్తది కొనేదెందుకు దండగ."

"గాడిదకా!"

"నాకేం పనికొచ్చె ఇన్నాళ్లు? దానికన్నా పనికొస్తాది." చీర దులిపి మళ్లీ మడత పెట్టింది. "నిన్ను పంపించినాడా ఆ యప్ప?"

పద్మప్రియ నేల మీద కూర్చుంది. అబద్ధం చెబుదామనుకుంది గాని తల్లి కళ్లలోకి చూస్తూ నోరు రాలేదు.

"ఊఁ."

"ఏమిచ్చినాడు నీకు?"

"ఇయ్యలేదు. ఇస్తానన్నాడు. మా ఇల్లు ఖాళీ చేపియ్యకుండా ఇంటాయనకు ఫోన్ చేస్తాడంట."

రామలక్ష్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆమె మౌనానికి ఈ ఇంట్లో అందరూ అలవాటు పడ్డారు. పద్మప్రియ మాత్రం ఈ మౌనం కింద కూర్చోలేకపోయింది. అది ఇంతవరకు నాయనకు మాత్రమే దక్కిన మౌనం.

"పెండ్లి వద్దంటివని తెలిసినప్పుడు నాకు సంతోషమైంది పద్మా," అంది చివరికి రామలక్ష్మమ్మ. "నోటితో చెప్పలా. లోపల అనుకుంటి, నా కడుపున పుట్టినదన్నా తప్పిచ్చుకున్యాదని. ఇప్పుడు జూస్తే, నీ పెండ్లి ఆపుకునేదానికి నాకు మళ్లా పెండ్లి చేస్తాండావు."

"అట్ల కాదమ్మా..."

"ఇంగెట్ల?"

తనంటే తనకే చీదర పుట్టింది. పెళ్లంటే ఆస్తి, కులం, పరువుల బేరమని స్టాఫ్ రూములో గంటలకొద్దీ వాదించిన నోరు ఇప్పుడు మూతబడింది. అదే బేరంలో తను దళారీగా చేరింది.

"ఆ పొద్దు ఆఫీసరు వచ్చినప్పుడు," అంది మాట మార్చాలని, "నువ్వేం చెప్పాలనుకుంటివమ్మా?"

ఆ పొద్దు అంటే ఇద్దరికీ తెలుసు. సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించిన ఏడాది ఓబులేసు పెళ్లాన్ని నిలబెట్టి గెలిపించాడు. కుర్చీలో ఆయన కూర్చున్నాడు, సంతకాలు ఆమెవి. కరవు చూడటానికి ఒక ఆఫీసరు వచ్చి, పంచాయతీ ఆఫీసులో అందరి ముందూ, "మీరు చెప్పండమ్మా, సర్పంచి మీరు కదా" అన్నాడు. రామలక్ష్మమ్మ కొంగు సవరించుకుని లేచి నిలబడి నోరు తెరిచింది. ఓబులేసు పకపకా నవ్వి, "ఆమెకు నోరు లేదు సార్. నేనే ఆమె నోరు" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆఫీసరూ నవ్వాడు. ఆ రాత్రి ఓబులేసు మంచినీళ్లడిగితే చెంబు పెట్టింది గాని మాట్లాడలేదు. రెండు రోజుల్లో అదే దిగొస్తుందిలే అనుకున్నాడాయన. రోజులు ఏళ్లయ్యాయి.

"ఏం చెప్పాలనుకుంటినో మర్చిపోతినమ్మా," అంది రామలక్ష్మమ్మ. "శానా దినాలు గుర్తు పెట్టుకుంటి. ఇప్పుడు లేదు."

చీర పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"సరే, కూచుంటా పో. పేరు చెప్పల్ల, అంతే గదా? చెప్తా. ఆ ఫోనేదో ముందే చేపిచ్చుకో. నేను పీట మీద కూచున్యాక ఆ యప్ప నీకు చెయ్యడు."

*

ఓబులేసు అప్పటికప్పుడు ఫోన్ చేశాడు. చేస్తూ కూతురికి వినపడాలని స్పీకర్ పెట్టాడు. అవతల ఇంటి యజమాని, "మీరే చెప్పినంక ఇంగేముంది సార్, పిల్లలు ఉండనీ" అన్నాడు. వారం కింద ఆయనకు అప్రతిష్టగా కనపడ్డవాళ్లు ఇప్పుడు పిల్లలైపోయారు.

ఆ వెంటనే తేజకు ఫోన్ చేసి చెప్పింది పద్మప్రియ.

"సూపర్!" అన్నాడు తేజ. అతనిది పామిడి. మంచివాడు, నవ్వుతూ మాట్లాడతాడు, గిన్నెలు కడుగుతాడు. "ఎలా ఒప్పించావ్ మీ నాన్నని?"

"మా అమ్మని ఒప్పించా."

"అదేలే, ఎవరో ఒకరు. ఇల్లు నిలబడింది కదా. నువ్వొచ్చేయ్, ఆ ఊరి గోల మనకెందుకు? అందుకే కదా ఇద్దరిళ్ల వాళ్లనూ మన గడప తొక్కనివ్వొద్దనుకున్నాం."

అది ఆమె మాటే. ఆ ఇంట్లో చేరిన మొదటి రోజు ఆమే గర్వంగా అంది. తేజ నోట వింటే ఎందుకో ఇష్టం కలగలేదు. "రేపు సాయంత్రానికి వస్తా" అని పెట్టేసింది.

*

మర్నాడు పొద్దున్నే తప్పెట్లు మొదలయ్యాయి. ఊరి మధ్య కట్ట మీద పందిరి. రెండు గాడిదలూ ఒకే కొట్టంలో పెరిగినవి, ఒకే గాటికి కట్టినవి. ఈ పూటకు మాత్రం ఆడది ఓబులేసు ఇంటి పిల్ల అయింది, మగది మార్కండేయ ఇంటి పెళ్లికొడుకైంది. మగగాడిదకు పంచె చుట్టారు. ఆడగాడిదకు ఎర్రటి పట్టుచీర. చీరను చూసి "పాత చీర ఆరేశారే" అని ఎవరో అన్నారు. అది ఎవరిదో తెలిసిన ముసలమ్మలు నోరు మెదపలేదు.

తంతు నడిపిస్తున్న మారెప్ప అక్షింతలు ఇచ్చాడు. మగగాడిద తన మెడలోని బంతిపూల దండను తిప్పుకుని తినేసి, ఆడదాని దండ మీదికి పోయింది. జనం ఈలలు వేశారు. "మొగోళ్ల బుద్ధి జూడు" అంది ఒకామె. పెళ్లికొడుకు తండ్రి మార్కండేయ నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆయన పక్కన కూర్చున్న భార్య తల వంచుకునే ఉంది. ఆమె పేరేమిటో పద్మప్రియకు తెలియదు. ఊళ్లో చాలామందికి తెలియదు. మార్కండేయ పెళ్లాం అంతే.

ఓబులేసు ఇస్త్రీ పంచె, ఖద్దరు చొక్కా. పక్కన రామలక్ష్మమ్మ మామూలు నూలు చీరలో, ముఖంలో ఏ భావమూ లేకుండా. ఆయన కండువాకూ ఆమె కొంగుకూ ముడి వేశారు. ఓబులేసు జనంవైపు చూసి చేతులు జోడించాడు. ఓట్లడిగేటప్పుడు ఎలా జోడిస్తాడో అలాగే.

ఈ ఊరంతా ఒక పెళ్లి నిజమని నమ్మడానికి రెండు గాడిదలూ, ఒక పాత చీరా, మాట్లాడుకోని ఇద్దరు మనుషులూ సరిపోయారు. ఫోన్‌లు పట్టుకుని వీడియోలు తీస్తున్న చదువుకున్న పిల్లలను కూడా చూసింది పద్మప్రియ. ఇక్కడ గాడిదలను చూసి నవ్వుతున్న వీళ్లందరూ రేపు ఇదే పందిరి కింద, ఇవే తప్పెట్లకు, ఇంతకంటే ఏమంత తెలివిగా కూర్చోబోతారు గనక! అనుకుని పెదవి విరిచింది. విరిచిన పెదవితోనే తల్లిని అక్కడ కూర్చోబెట్టింది ఎవరో గుర్తొచ్చి తల తిప్పుకుంది.

ముందు ఆడగాడిద పుట్టింటి గడప తొక్కించాలని ఊరేగింపు ఓబులేసు ఇంటి ముందుకు వచ్చింది. గడపలో ఓబులేసు అక్క వెంకటలక్ష్మమ్మ రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది. తంతు ఊరందరికీ వినపడాలని మార్కండేయ మనుషులు మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"పేర్లు చెప్తేనే లోపలికి!" అంది వెంకటలక్ష్మమ్మ మైకులో.

ఓబులేసుకు మైకు దొరకడమే ఎక్కువ. గొంతు సవరించుకుని, "ఏమప్పా, నా ఇంటి లక్ష్మి, మీ అందరి మాజీ సర్పంచి, రామలక్ష్మమ్మ!" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ఆయన మార్కండేయవైపు చూసి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇప్పుడు నువ్వు, రాములూ," అని వెంకటలక్ష్మమ్మ మైకు మరదలి నోటి దగ్గర పెట్టింది. "సిగ్గెందుకు, చెప్పు. ఊరంతా ఎదురు చూస్తాండారు. నీ మాట మీదనే వాన ఉండాది."

తప్పెట్లు ఆగాయి. పందిరి దగ్గర నుంచి జనం మీద మీద పడి వచ్చారు. పద్మప్రియ తన కారు పక్కన, తలుపు పట్టుకుని నిలబడింది. వద్దమ్మా, చెప్పొద్దు అని అరవాలనిపించింది. అరవలేదు. ఇల్లు గుర్తొచ్చింది.

రామలక్ష్మమ్మ మైకు తన చేతిలోకి తీసుకుంది. మొగుడివైపు నిండా తిరిగింది. ఆయన నవ్వు ముఖంతో తల కొంచెం వంచాడు.

"ఓబులేసూ," అంది.

గారు లేదు, అప్ప లేదు. పొలంలో కూలివాణ్ణి పిలిచినంత మామూలుగా పిలిచింది.

"పక్కకు జరుగు. గాడిదలు పోవల్ల."

మైకు ఊరి చివరి ఇంటిదాకా ఆ మాట మోసుకుపోయింది. ఓబులేసు జరగలేదు. నోరు మాత్రం తెరుచుకుని ఉండిపోయింది. నవ్వాలో వద్దో తెలియక జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మార్కండేయ నవ్వడానికి సిద్ధమై, పక్కకు చూసి ఆగిపోయాడు. ఆయన పెళ్లాం కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడుతుండగా నవ్వుతోంది.

రామలక్ష్మమ్మ కొంగుముడి విప్పుకుంది. మైకు వెంకటలక్ష్మమ్మ చేతిలో పెట్టి, పక్క సందులోంచి పెరటికి వెళ్లి, ఒక గుడ్డ సంచితో తిరిగి వచ్చింది. ఎవరివైపూ చూడకుండా జనంలోంచి దారి చేసుకుంటూ నడిచింది.

"తిప్పమ్మా!" ఓబులేసు గొంతు పెగిలింది. "యాడికి పోతాందో అడుగు ఆమెను!"

గాడిదను పట్టుకుని నిలబడిన తిప్పమ్మ కదల్లేదు. "నువ్వే అడుగప్పా," అంది. "నీతో మాట్లాడినాది గదా."

అప్పుడు జనం నవ్వారు. ఒకరు మొదలుపెడితే అందరూ అందుకున్నారు.

రామలక్ష్మమ్మ కారు దగ్గరికి వచ్చి, ముందు తలుపు తెరుచుకుని, సీటులో కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంది. ముఖం పద్మప్రియ ఎన్నడూ చూడనంత తేటగా ఉంది.

పద్మప్రియ పరుగున అటువైపు వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. తల్లిని పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. గట్టిగా ఏడవాలనిపించింది. "అమ్మా!" అంది.

"పద," అంది రామలక్ష్మమ్మ.

"యాడికమ్మా?"

"యాడికేంది? నీ ఇంటికే. నీ ఇంట్లో పెండ్లి లేదంట గదా. అట్లాంటి ఇల్లు నాకు తెలిసి అదొకటే ఉండాది. ఒక మూల పడుంటా."

కారు తాళం చేతిలోనే ఉంది. పద్మప్రియ తిప్పలేదు. రెండు గదులు కళ్ల ముందు మెదిలాయి. ఒకటి తమ పడక, రెండోది తేజ బల్ల, పుస్తకాలు. కాదనడని తెలుసు. నవ్వుతూనే ఉంటాడు. ఆ నవ్వు కింద ఏముంటుందో ఇప్పటివరకు చూడాల్సిన అవసరం రాలేదు. ఆమె చెయ్యి దానంతటదే ఫోన్ తీసింది.

"ఒక్క నిమిషం అమ్మా. తేజను ఒక మాట అడిగి..."

సగంలోనే నాలుక కరుచుకుంది. అప్పటికే మాట బయటికి వచ్చేసింది.

రామలక్ష్మమ్మ కూతురివైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. పద్మప్రియకు కోపమే నయమనిపించింది.

"అడుగమ్మా," అంది. "నేనూ ఆ యప్పను ఇట్లనే అడుగుతాంటి."

ఫోన్ అప్పటికే మోగుతోంది. అవతల తేజ ఎత్తి, "చెప్పు" అన్నాడు.